కౌలు విడుచు రైతుతో కడపటి లెక్క

భూవసతి గల కుటుంబములలో పిల్లలు ఉద్యోగములకై దూరప్రాంతములకు పోవుచున్నారు. పెద్దలకు పొలము గట్టున నిలుచు ఓపిక తగ్గుచున్నది. అందుచేత ఆ భూములు కౌలుకు పోవుచున్నవి. మఠముల మాన్యములును అంతే. కౌలు కుదుర్చుకొను నాడు ఇరుపక్షములును ప్రసన్నముగానే మాటలాడుకొందురు. గడువు తీరకముందే రైతు వచ్చి, “ఈ యేటితో పొలం ఒప్పజెప్పేస్తానండి, ఇక నావల్ల కాదండి” అని అరుగు ముందర నిలిచిన నాడే చిక్కు వచ్చును. ముందుగా పుచ్చుకొన్న సొమ్ము యజమాని చేతిలో నుండును. రైతు చెమట భూమిలో నుండును. వీనికి లెక్క తేల్చుట ఎట్లు? చట్టము ఏమి చెప్పుచున్నది? బసవేశ్వరుని కాయక ధర్మము ఏమి కోరుచున్నది? ఈ పాఠములో విచారింతము.

కోనసీమ నేల, కోనసీమ కౌలు

గౌతమీ వసిష్ఠల నడుమ సముద్రము వరకు పరచుకొన్న ముక్కోణపు సీమ కోనసీమ. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిమ్మట గోదావరి డెల్టాలో కాలువల సేద్యము స్థిరపడినది. అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతములలో సార్వా, దాళ్వా అను రెండు వరి పంటలును, గట్ల వెంబడి కొబ్బరి తోటలును, తీరము వైపున చేపల, రొయ్యల చెరువులును నేడు కనబడుచున్నవి. ఇచ్చట వరి పొలముల కౌలు చాలవరకు మక్తా పద్ధతిపై నడచును. అనగా ఎకరమునకు ఇన్ని బస్తాలని ముందే నిర్ణయించుకొనుట. పంట పండినను, ఎండినను, మునిగినను మక్తా మారదు. పాలు పద్ధతిలోనైతే నష్టము ఇద్దరికి పంచబడును. మక్తా పద్ధతిలో అది రైతు తలపైననే పడును.

మన నేలకు నీరు వచ్చుట యెంత ముఖ్యమో, పోవుటయు అంత ముఖ్యము. మురుగు కాలువలు పూడిపోయినచో సార్వా చేలు వానలకు మునిగి రోజుల తరబడి తేరుకొనవు. పంట చేతికి వచ్చునప్పటికి కూలీలు దొరకరు. దొరికినను ధాన్యపు ధర ఖర్చులకు చాలదు. ఈ కష్టములన్నియు ఒక్కచోట చేరి 2011 ఖరీఫులో కోనసీమ రైతులు పంట విరామము ప్రకటించిరి. నీరున్నను నాట్లు వేయక వేల ఎకరములు బీడు పెట్టిరి. దేశమంతయు ఆశ్చర్యముతో ఇటు చూచినది. కారణములు విచారించుటకు ప్రభుత్వము మోహన్ కందా అధ్యక్షతన ఒక సంఘమును నియమించినది. 2022 జూన్ మాసములో మరల కొన్ని మండలముల రైతులు అదే దారి పట్టిరి.

ఇందుండి యజమానులు గ్రహింపవలసిన సంగతి యొకటి కలదు. కౌలు మధ్యలో విడుచు రైతు ప్రతివాడును మాట తప్పినవాడని తలచుట న్యాయము కాదు. స్వంత భూమి గలవారే సేద్యము గిట్టదని నాగలి దించిన నేల యిది. మక్తా బరువు కూడ మోయువాని స్థితి యేమని చెప్పవలెను?

చట్టము చెప్పునది

ఆంధ్ర ప్రాంతములో వ్యవసాయపు కౌళ్లకు 1956లో ప్రత్యేక చట్టము వచ్చినది. 1974లో దానికి ముఖ్యమైన సవరణలు జరిగినవి. యజమాని తన ఇష్టము వచ్చినట్లు కౌలుదారును తొలగింపకుండ రక్షించుట దాని ఉద్దేశము. అయితే, భూమి చేయి జారునేమో యను భయముతో యజమానులు కాగితము వ్రాయుట మానివేసిరి. నోటిమాట కౌళ్లు పెరిగినవి. కాగితము లేని రైతుకు బ్యాంకు అప్పు లేదు, పంట బీమా లేదు, మునిగిన పంటకు పరిహారమును లేదు. ఈ లోటు తీర్చుటకు 2011లో ఒక చట్టము చేసి సాగుదారులకు రుణ అర్హత కార్డులిచ్చిరి. 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టము వచ్చినది. యజమానియు, సాగుదారుడును 11 నెలలకు మించని ఒప్పందము వ్రాసికొనుటకును, యజమాని హక్కునకు భంగము లేకుండ సాగుదారునకు పత్రము దొరకుటకును ఆ చట్టము మార్గము చూపినది.

గడువు ముందర విడుచునపుడు సొమ్ము లెక్క యెట్లు చూడవలెనో 1872 నాటి కాంట్రాక్టు చట్టములో స్పష్టముగా నున్నది. ఒప్పందము భంగమైనచో నష్టపోయినవాడు ఆ భంగమువలన సహజముగా కలిగిన నష్టమునే కోరవలెనని 73వ సెక్షను తెలుపుచున్నది. ఆ నష్టమును తగ్గించుకొనుటకు గల సాధనములను కూడ లెక్కలోనికి తీసికొనవలెనని అందలి వివరణము. అనగా వేరొక రైతు సిద్ధముగా నుండగా పొలమును బీడు పెట్టి, ఆ బీడు నష్టమంతయు పోయినవానిపై వ్రాయుట చెల్లదు. “మధ్యలో విడిచినచో ఇంత సొమ్ము చెల్లింపవలె”నని కాగితముపై పెద్ద మొత్తము వ్రాసికొన్నను, 74వ సెక్షను ప్రకారము సహేతుకమైన పరిహారము మాత్రమే లభించును. వ్రాసిన మొత్తము పై హద్దు మాత్రమే.

ఇరువురును ఇష్టపడి కౌలును ముగించుకొనవచ్చునని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము 111వ సెక్షను అంగీకరించినది. నిర్ణీత కాలము లేని కౌలు, కౌలుదారుని తప్పు లేకుండ ముగిసినపుడు, అతడు వేసిన పైరు అతనిదేయనియు, దానిని కోసికొనిపోవుటకు రాకపోకలకు హక్కు గలదనియు 108వ సెక్షను చెప్పుచున్నది. ఈ అధ్యాయము వ్యవసాయపు కౌళ్లకు ప్రభుత్వము ప్రకటించిననే గాని నేరుగా వర్తింపదని 117వ సెక్షనులో నున్నది. అయినను విత్తినవానికి కోత హక్కు గలదను న్యాయము గ్రామ పెద్దలకు చట్టము కంటె ముందే తెలిసినది.

ఇల్లు అద్దెకిచ్చిన కుటుంబములకు ఇంతకంటె సులభము. వేరు ఒప్పందము లేనపుడు నెలవారీ అద్దెను ఏ పక్షమువారైనను 15 దినముల నోటీసుతో ముగింపవచ్చునని ఆ చట్టము 106వ సెక్షనులో నున్నది.

శరణుల కాయక దృష్టి

చట్టము హద్దు చూపును. ఆ హద్దు లోపల మనసు ఎట్లు మెలగవలెనో శరణులు చూపిరి. పండ్రెండవ శతాబ్దమున కల్యాణములో బిజ్జలుని కొలువున భండారమును చూచిన బసవేశ్వరుడు లెక్క తెలిసిన మహనీయుడు. సొమ్ముతో నిత్యము పని గలవాడు కనుకనే సొమ్ము ఎచ్చట పరులదగునో ఆయనకు చక్కగా తెలియును. ఆయన బోధలో శ్రమ పూజతో సమానము. శ్రమవలన వచ్చినదానిలో తన అవసరమునకు మించినది సమాజమునకు అర్పించుట దాసోహము. అనుభవ మంటపమున సేద్యము చేయు ఒక్కలిగ ముద్దన్నకును, నులక పేనిన నులియ చందయ్యకును పండితులతో సమానమైన గౌరవము లభించినది.

ఆ శరణులలో ఆయదక్కి మారయ్య, లక్కమ్మ దంపతుల కథ ఈ విషయమునకు మిక్కిలి దగ్గరది. రాలిన బియ్యపు గింజలు ఏరి తెచ్చి, వండి, జంగమార్చన చేయుట మారయ్య కాయకము. ఒకనాడతడు మామూలు కంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు. ఈ ఎక్కువ మనది కాదని, దానిని తిరిగి అచ్చటనే పోసి రమ్మని భర్తను పంపెను. ఆ బియ్యము దొంగిలించినది కాదు. అయినను తమ కాయకమునకు మించినది గనుక ఆమె యింట నుంచుకొనలేదు.

యజమాని చేతిలోని ముందస్తు సొమ్మునకు ఈ కథ వర్తించును. రైతు మధ్యలో పోవుటవలన నిజముగా కలిగిన నష్టము వరకు తీసికొనుట న్యాయము. అంతకు మించి నిలుపుకొన్న ప్రతి రూపాయియు లక్కమ్మ వెనుకకు పంపిన బియ్యము వంటిది. అది వేరొకని కాయక ఫలము. దానితో చేసిన దాసోహమునకు పుణ్యమెక్కడిది?

ఈ ధర్మము మన గోదావరి తీరమునకు దూరపు మాట కాదు. మల్లికార్జున పండితారాధ్యులు ద్రాక్షారామమున జన్మించిరని ప్రసిద్ధి. వారి చరిత్రమును, బసవేశ్వరుని చరిత్రమును పాల్కురికి సోమనాథుడు తెలుగు ద్విపదలో రచించి ఇంటింట వినిపించెను.

యజమాని అనుసరింపదగిన క్రమము

మొదట కారణము అడుగవలెను. అడుగు స్వరములో నిందలేకుండ చూచుకొనవలెను. రోగమా, అప్పా, ముంపా, కూలీల కొరతయా, ఎక్కువ లాభమునకు వేరొక పొలము చూచుకొన్నాడా? కారణమును బట్టి పరిష్కారము మారును. కొన్నిసార్లు ఒక పంటకు మక్తా తగ్గించినచో రైతు నిలుచును, యజమానికిని నష్టము తక్కువ యగును.

ఇచ్చట యజమాని తన్ను తాను ఒక ప్రశ్న అడుగవలెను. సాగుదారు పత్రమునకు తాను సంతకము చేసినాడా? సంతకము నిరాకరించుటచేత రైతు బ్యాంకు గడప తొక్కలేక అధిక వడ్డీకి అప్పు తెచ్చి, ఆ వడ్డీ తాళలేక కౌలు విడిచినచో, ఆ విడుపులో యజమాని పాలు కూడ కలదు. ముందస్తు సొమ్ము పట్టుకొనుటకు ముందు ఈ పాలును లెక్కకు తీసికొనవలెను.

రెండవది, కాలము నిర్ణయించుకొనవలెను. దాళ్వా కోతలు ముగిసి కాలువలు కట్టివేసిన వేసవి, పొలము చేతులు మారుటకు అనువైన సమయము. పైరు నిలిచియుండగా చేతులు మారవలసి వచ్చినచో ఆ పైరును ఎవరు కోయుదురో, ఖర్చు ఎవరు పెట్టుదురో ముందే చెప్పుకొనవలెను. కొబ్బరి తోట యైనచో కడపటి దింపు ఏ తేదీననో, చెట్టుపైనున్న కాయ ఎవరిదో తేల్చుకొనవలెను. చెరువు యైనచో గట్లు యథాస్థితికి తెచ్చు బాధ్యత వ్రాసికొనవలెను. ఉప్పునీరు నిలిచిన నేల మరల వరికి రావలెనన్న కాలమును, ఖర్చును పట్టును.

మూడవది, ఇద్దరును కలిసి పొలము చుట్టివచ్చి చూడవలెను. గట్లు, బోదెలు, తూములు ఎట్లున్నవో, రైతు వేసిన పశువుల ఎరువు, పోసిన నారుమడి యెంత విలువ చేయునో మధ్యవర్తుల యెదుట అనుకొనవలెను.

నాలుగవది, వెంటనే క్రొత్త రైతును వెదకవలెను. పోవు రైతునే తగినవానిని చూపుమని అడుగవచ్చును. ఆ యూరి నేల యెవరికి పొసగునో అతనికంటె తెలిసినవాడు లేడు.

ఐదవది, లెక్క కాగితముపై వ్రాసి, సొమ్ము చెల్లించి, రెండు ప్రతులపై ఇద్దరును సంతకములు చేయవలెను. భూమి అప్పగించిన తేదీయు, ఇకపై ఒకరికొకరు బాకీ లేరన్న మాటయు అందులో నుండవలెను. నోటిమాట కౌలుకు కూడ ఈ కడపటి కాగితము అవసరము. రేపు పిల్లల నాటికి తగవు రాకుండుటకు అదియే రక్ష.

లెక్క యొక ఉదాహరణముతో

రెండెకరముల పొలము మూడేండ్లకు కౌలుకు పోయినదనుకొందము. ఎకరమునకు సార్వాకు 10 బస్తాలు, దాళ్వాకు 14 బస్తాలు మక్తా. ముందస్తు సొమ్ము 20,000 రూపాయలు. మొదటి యేడు సార్వా మక్తా 20 బస్తాలు కొలిచి, దాళ్వాకు నారుమడి పోసిన పిమ్మట రైతు జబ్బుపడి పొలము విడుచుచున్నాడు. అతడు కొలువవలసిన దాళ్వా మక్తా 28 బస్తాలు. యజమానికి వేరొక రైతు దొరికినాడు. కాలము మించుటచేత ఈ దాళ్వాకు ఎకరమునకు 12 బస్తాలకే ఒప్పుకొనినాడు. తరువాతి రెండేండ్లకు పాత మక్తాయే కుదిరినది.

యజమానికి వచ్చునది 24 బస్తాలు. కావున నష్టము 4 బస్తాలు మాత్రమే. బస్తా 1,500 రూపాయల చొప్పున 6,000 రూపాయలు. తెగిన గట్టు బాగునకు 2,000 రూపాయలు. మొత్తము 8,000 రూపాయలు. నారుమడి క్రొత్త రైతుకు ఉపయోగపడినది. ఆ ఖర్చు 1,500 రూపాయలు పాత రైతు ఖాతాలో వేయవలెను. నికరముగా యజమాని నిలుపుకొనదగినది 6,500 రూపాయలు. తిరిగి ఇయ్యవలసినది 13,500 రూపాయలు.

“మాట తప్పినాడు గనుక 20,000 రూపాయలును నావే” అన్న యజమానికిని, ఈ లెక్క వేసిన యజమానికిని నడుమ భేదము 13,500 రూపాయలు. జబ్బుపడిన రైతు యింట ఆ సొమ్ము మందులకగును, పిల్లల బడి ఖర్చునకగును. యజమాని యింట అది లక్కమ్మ పోసి రమ్మన్న బియ్యమగును.

యజమానులందరును కలవారు కారు. రెండెకరముల మక్తాపైననే బ్రదుకు వృద్ధురాలును యజమానురాలే. ఆమె తన 6,500 రూపాయలను విడిచిపెట్టవలెనని ధర్మము చెప్పుట లేదు. నిజమైన నష్టమును పూర్తిగా పుచ్చుకొనుట ఆమె హక్కు. కలిగినవారు అందులోను కొంత తగ్గించినచో అది వారి దాసోహము.

మఠపు భూమి విషయము

మఠాధిపతులకును, ధర్మకర్తలకును ఇచ్చట మరియొక చిక్కు కలదు. తన స్వంత సొమ్మును వదలుకొనువాడు దాత. మఠపు సొమ్మును వదలుకొనువాడు దాత కాడు, ఏలయన అది అతనిది కాదు. దయ చూపవలెనన్నను దానికి తీర్మానమును, కారణమును, లెక్కయు పుస్తకములో నుండవలెను. దేవాదాయ శాఖ పరిధిలోని సంస్థయైనచో ఆ శాఖ నియమముల ప్రకారమే కౌలు ముగింపును, క్రొత్త కౌలును జరుగవలెను. 1987 నాటి దేవాదాయ చట్టము 82వ సెక్షను, సంస్థల వ్యవసాయ భూముల విషయములో భూమిలేని పేదలను ప్రత్యేకముగా చూచినది. కావున మఠపు కౌలుదారు సామాన్యముగా మఠము కంటె బలహీనుడేయని మరువరాదు.

మఠము న్యాయమైన లెక్క వేసి మిగిలినది తిరిగి ఇచ్చుట దయ కాదు, బాకీ తీర్చుట. దానికి ఎవరి అనుమతియు మనస్సాక్షికి అడ్డు రాదు. జంగమునకు వడ్డించు అన్నము ఒక రైతు ఉసురు పోసికొని వచ్చినదైనచో ఆ పంక్తి పవిత్రము కాజాలదు.

రైతు ధర్మము

ధర్మము ఒక చేతి చప్పట కాదు. కౌలు విడువదలచిన రైతు నాట్ల సమయము వరకు మాటాడక, నీరు వదలిన పిమ్మట పొలము పారవేసి పోరాదు. వీలైనంత ముందుగా చెప్పుట అతని ధర్మము. ఒక నెల ముందు చెప్పినచో యజమానికి వేరొక రైతు దొరకును, తన ముందస్తు సొమ్మును అంతకంత నిలుచును. చెల్లింపవలసిన మక్తాను దాచి పోవుట, చెట్టుపైని లేతకాయ దింపించి అమ్ముకొనుట, తూము తలుపులు ఊడదీసికొనిపోవుట కాయకమునకు మచ్చ. తన కాయకమునకు గౌరవము కోరువాడు మాటకు కట్టుబడవలెను.

మననమునకు

ఈ పాఠమును కుటుంబమున గాని, మఠములో గాని చదివినపుడు ఈ ప్రశ్నలను పెద్దలును, పిన్నలును కలిసి విచారింపవలెను.

1. మన భూమి సాగుచేయు రైతుతో కాగితము కలదా? సాగుదారు పత్రమునకు సంతకము చేసినామా?

2. మన ఒప్పందములో మధ్యలో విడుచు సందర్భము గూర్చి ఏమి వ్రాసికొన్నాము? అది నిజమైన నష్టమునకు తగినదా, భయపెట్టుటకు వ్రాసినదా?

3. గతములో ఏ రైతు ముందస్తు సొమ్మైన లెక్క తేలక మన యింట నిలిచియున్నదా? ఉన్నచో దానిని ఎప్పుడు పంపుదము?

మూడవ ప్రశ్నకు ఉన్నదను జవాబు వచ్చిన యింట ఈ పాఠము ఇంకను పూర్తి కాలేదు. ఆ సొమ్ము చేరవలసిన చేతికి చేరిన నాడు పూర్తియగును.

శరణు శరణార్థి.